వయ్యారిభామ పుట్టింటి లెక్క

ముందుగా ఒక ఒప్పుకోలు. దాదాపు ఇరవై ఏళ్ళుగా నేను సభల్లోనూ, మా సంఘం కరపత్రాల్లోనూ ఒక మాట చెబుతూ వచ్చాను. ఆ మాటకి నా దగ్గర ఆధారం ఉందనుకున్నాను. తీరా వెతికితే లేదని తేలింది. దేవుణ్ణి నమ్మేవాళ్ళని "ఆధారం చూపించండి" అని నిలదీసే మనం, మన జేబుల్లో ఆధారం లేని మాటలు ఎన్ని పెట్టుకుని తిరుగుతున్నామో అప్పుడప్పుడూ చూసుకోవాలి కదా! అందుకే ఈ వ్యాసం.

నేను వృక్షశాస్త్రం చదువుకోలేదు. చదివింది బి.కాం., చేసింది రక్షణ శాఖ లెక్కల విభాగంలో ఉద్యోగం. మా నాన్న 1958లో శ్రీకాకుళం జిల్లా నుంచి ఉక్కు కర్మాగారం పనికి భిలాయి వచ్చారు. 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నెస్ ప్రారంభించినప్పుడు జనంలో నిలబడి చూశానని చనిపోయేదాకా చెప్పుకునేవారు. నేను పుట్టింది ఇక్కడే. ఉద్యోగరీత్యా ఊళ్ళు తిరిగి, రిటైరయ్యాక మళ్ళీ ఇక్కడికే చేరాను.

రిటైరైనవాడికి మోకాళ్ళ నొప్పులు, తీరిక రెండూ ఉంటాయి. రెండింటికీ నడక మందు. అయిదారేళ్ళుగా ఆదివారం ఉదయం పది పన్నెండు మందిమి కలిసి మరోడా చెరువు వైపో, ఊరి బయట బీడుల్లోకో వెళ్ళి పూలమొక్కలు గుర్తుపట్టే పని పెట్టుకున్నాం. ఒకరు తెలుగు పేరు చెబితే, ఒకరు హిందీ పేరు, ఇంకొకరు ఛత్తీస్‌గఢీ పేరు చెబుతారు. మనం తగిరిస అనే మొక్కని ఇక్కడివాళ్ళు చరోటా అంటారు, లేత ఆకు కూర వండుకుంటారు. మన మోదుగ వీళ్ళకి టేసూ. చిన్నప్పుడు పలకలు తుడుచుకున్న గడ్డిచామంతి మాత్రం ఎవరికీ పేరు అక్కర్లేకుండా కాళ్ళ కింద ఉంటుంది.

తేదీ అడిగిన అమ్మాయి

రెండేళ్ళ క్రితం వానాకాలం చివర్లో ఒక ఆదివారం. చెరువు దగ్గర ఖాళీ స్థలమంతా తెల్లగా పూసి ఉంది. వయ్యారిభామ. కాంగ్రెసు గడ్డి అని కూడా అంటాం, ఇక్కడి హిందీవాళ్ళు గాజర్ ఘాస్ అంటారు. శాస్త్రీయ నామం పార్థీనియం హిస్టెరోఫోరస్. నేను అలవాటు ప్రకారం అందుకున్నాను: "ఇది మన దేశంలో లేని మొక్క. పి.ఎల్. 480 కింద అమెరికా మనకి పంపిన పుచ్చు గోధుమల్లో కలిసి వచ్చింది. అంతకు ముందు దీని పేరు కూడా ఎవరికీ తెలియదు."

గుంపులో కొత్తగా చేరిన ఒక కాలేజీ అమ్మాయి అడిగింది. "అంకుల్, పి.ఎల్. 480 గోధుమలు ఏ సంవత్సరం మొదలయ్యాయి? మొక్క మొదట కనిపించింది ఏ సంవత్సరం?"

నాకు జవాబు రాలేదు. ముప్పై అయిదేళ్ళు నా ఉద్యోగమే అది! బిల్లు ముందుకొస్తే మొత్తం సంగతి తర్వాత, ముందు తేదీలు చూస్తాం. మంజూరు తేదీ ఎప్పుడు, సరుకు అందిన తేదీ ఎప్పుడు? మంజూరు కాకముందే సరుకు అందినట్టు ఉంటే ఆ బిల్లు అక్కడే ఆగిపోతుంది. ఆ ప్రశ్న నేను వందల బిల్లులకి వేశాను. ఈ కథకి మాత్రం ఒక్కసారీ వెయ్యలేదు.

ఎందుకు వెయ్యలేదో చెప్పాలంటే మా అమ్మ సంగతి చెప్పాలి.

నాగదోషం

1980ల మధ్యలో మా అమ్మకి చర్మవ్యాధి మొదలైంది. మొదట కనురెప్పలు, తర్వాత మెడ, మోచేతుల మడతలు. దురద, వాపు, ఆపైన చర్మం నల్లబడి తోలులా మందమైపోయింది. వానాకాలంలో విపరీతం, ఊరెళ్ళి రెండు నెలలుంటే కాస్త తగ్గడం, తిరిగొస్తే మళ్ళీ మొదలు. కాలనీలో పెద్దలు తేల్చేశారు: "పాము చర్మంలా అవుతోంది, నాగదోషం." నేనప్పుడు పుణెలో ఉద్యోగం చేస్తున్నాను. నాగప్రతిష్ఠ చేయించాలని నాన్న ఉత్తరం రాస్తే, డబ్బు పంపింది నేనే. అప్పటికి నేను హేతువాదిని కాదనుకోకండి, పుస్తకాలు చదివేవాణ్ణే. కానీ అమ్మ అడిగింది. పంపాను.

ప్రతిష్ఠ జరిగింది, దురద తగ్గలేదు. చివరికి ఒక చర్మవైద్యుడు వీపు మీద పట్టీలు వేసి పరీక్ష చేశారు. రెండు రోజుల తర్వాత ఒక పట్టీ కింద చర్మం ఎర్రగా పొంగింది. ఆ పట్టీలో ఉన్నది పార్థీనియం సారం. ఈ మొక్కలో పార్థీనిన్ అనే పదార్థం ఉంటుంది. పొడి, నూగు గాలిలో తేలి వచ్చి పడే చోట్లలోనే కొందరికి చర్మం అలా అవుతుందని ఆయన వివరించారు. అమ్మ క్వార్టర్ వెనక వంకాయ మొక్కల కోసం ఈ కలుపంతా చేత్తో పీకి, ఎండబెట్టి తగలబెట్టేది.

అంతేకాదు. వినాయక చవితికి ఇరవై ఒక్క పత్రి కావాలి కదా. అందులో మాచిపత్రి ఒకటి. భిలాయిలో మాచిపత్రి ఎక్కడ దొరుకుతుంది? ఆకు చీలికలు చూసి, ఇదే అనుకుని, ప్రతి ఏడూ అమ్మ ఖాళీ స్థలంలోంచి కోసుకొచ్చింది వయ్యారిభామనే. భాద్రపదంలో అది పచ్చగా, ఏపుగా ఉంటుంది మరి. దేవుడి ముందు పెట్టి, వాడిపోయాక కూడా తొమ్మిది రోజులు ఇంట్లోనే ఉంచేవాళ్ళం.

ఇందులో నవ్వుకోవడానికి ఏమీ లేదు. మా అమ్మ తెలివితక్కువది కాదు. తన ఊళ్ళో ఏ ఆకు ఏదో ఆమెకి బాగా తెలుసు. ఊరు మారింది, మొక్క మారింది, ఆకు మాత్రం ఒకేలా ఉంది. తేడా చెప్పేవాళ్ళు లేరు. తేడా ఇదీ: మాచిపత్రి ఆకు తిరగేస్తే అడుగు భాగం బూడిదరంగు తెలుపులో నూగుతో ఉంటుంది, నలిపితే ఘాటైన సువాసన వస్తుంది. వయ్యారిభామ ఆకు రెండు వైపులా పచ్చగానే ఉంటుంది. కాండం మీద నిలువు గాడులుంటాయి. పువ్వు చిన్న తెల్ల బొత్తాంలా ఉండి, పరీక్షగా చూస్తే అయిదు మూలలు కనిపిస్తాయి. నలిపి వాసన చూడమని మాత్రం దీని విషయంలో చెప్పను. గుర్తుపట్టడానికి కళ్ళు చాలు, చేతులు దూరంగా ఉంచండి.

మందులతో, జాగ్రత్తతో అమ్మకి బాగానే తగ్గింది, పూర్తిగా పోలేదు. 2003లో పోయేదాకా వానాకాలం వస్తే మెడకి నూలు గుడ్డ చుట్టుకునేది. ఒకసారి అడిగింది: "మా చిన్నప్పుడు లేదురా ఈ మాయదారి మొక్క. ఎక్కణ్ణుంచి వచ్చింది?" నేను ఠక్కున చెప్పాను: "అమెరికా వాడు గోధుమల్లో పంపాడమ్మా."

ఆమె నమ్మింది. నేనూ నమ్మాను. కోపం ఉన్నప్పుడు దాన్ని ఎవరో ఒకరి పేర జమ చెయ్యాలి. నాగదేవత పేర రాసినదాన్ని కొట్టేసి, అమెరికా పేర రాసుకున్నానన్నమాట. సోవియట్ సాయంతో కట్టిన ఊళ్ళో పెరిగినవాణ్ణి. నాకు ఆ ఖాతా మరీ సులువుగా కుదిరింది.

ఇప్పుడు తేదీలు

సరే, లెక్క చూద్దాం.

అమెరికాలో పబ్లిక్ లా 480 మీద ఐసెన్‌హోవర్ సంతకం పెట్టింది 1954 జులైలో. దాని కింద భారత ప్రభుత్వం మొదటి ఒప్పందం చేసుకున్నది 1956 ఆగస్టు 29న. ఓడలు రావడం ఆ తర్వాతే. ఎర్ర గోధుమలు రేషన్ షాపుల్లో కుప్పలు పడ్డది 1960ల్లో, ముఖ్యంగా 1965, 66 కరువు రోజుల్లో. ఆ ఎర్ర రొట్టెలు నేనూ తిన్నాను.

మరి మొక్క? పుణెలో ఇది 1955 నాటికే కనిపించింది. భారత వృక్ష సర్వేక్షణ సంస్థకు చెందిన ఆర్. ఎస్. రావు గారు భారతదేశానికి కొత్త మొక్కగా దీన్ని 1956లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో నమోదు చేశారు. అంటే ఒప్పందం మీద సంతకాలు కాకముందే మొక్క పుణెలో పూసింది. మంజూరుకి ముందే సరుకు అందింది! నా బల్ల మీదికి ఈ బిల్లు వచ్చి ఉంటే ఏం చేసేవాణ్ణో మీకు తెలుసు.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. అమెరికా గోధుమ మనకి 1956లోనే మొదటిసారి రాలేదు. 1951లో ఆహార కొరత వచ్చినప్పుడు పందొమ్మిది కోట్ల డాలర్ల అప్పు కింద ధాన్యం వచ్చింది. కాబట్టి "ఏదో ఒక అమెరికా గోధుమలో వచ్చి ఉండవచ్చు" అనే మాటని తేదీ ఒక్కటే కొట్టెయ్యలేదు. నిజమే. కానీ కొట్టెయ్యలేకపోవడం వేరు, రుజువు కావడం వేరు. దేవుడు లేడని రుజువు చెయ్యండి అనేవాళ్ళకి మనం చెప్పే జవాబు ఇదే కదా!

లెక్క ఇక్కడితో ఆగితే ఇంత వ్యాసం రాసేవాణ్ణి కాదు. ఇంకా పాత చీటీ ఒకటి ఉంది.

సామర్లకోట డాక్టరు

ఆ చీటీ రాసినాయన మన తెలుగు నేల మీద మొక్కలు నేర్చుకున్నవాడు. పేరు విలియం రాక్స్‌బర్గ్. 1751లో స్కాట్లండులో పుట్టాడు. ఈస్టిండియా కంపెనీలో సహాయ వైద్యుడిగా 1776లో మద్రాసు వచ్చాడు. 1781లో సామర్లకోటకి బదిలీ అయ్యాడు. అక్కడ పన్నెండేళ్ళు ఉండి, ఉద్యోగం చేస్తూనే మొక్కలు సేకరించాడు, తోట వేశాడు, వానలు కొలిచాడు. స్థానిక చిత్రకారుల్ని పెట్టుకుని మొక్కల బొమ్మలు వేయించాడు.

ఆయనకంటే ముందు కోయెనిగ్ అనే ఆయన ఉన్నాడు. లిన్నేయస్ శిష్యుడు. 1768లో తరంగంబాడి వచ్చి, తిరిగి తిరిగి, 1785లో కాకినాడ జగన్నాథపురంలో చనిపోయాడు. మన కరివేపాకుకి లిన్నేయస్ 1771లో పెట్టిన బెర్గెరా కోయెనిగీ అనే పేరు ఆయన జ్ఞాపకమే. రోజూ పోపులో వేస్తున్నాం, ఎంతమందికి తెలుసు?

1787లో కోరంగి తీరాన్ని ముంచిన తుఫానులో రాక్స్‌బర్గ్ పుస్తకాలు, ఎండబెట్టి దాచిన మొక్కలు కొట్టుకుపోయాయి. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. ఆ పనిలోంచి వచ్చిందే "కోరమాండల్ తీరపు మొక్కలు" అనే మూడు సంపుటాల గ్రంథం. 1795లో మొదలై 1820కి పూర్తయింది. మూడు వందల బొమ్మలు. ఆ బొమ్మలు వేసిన మనవాళ్ళ పేర్లు మాత్రం అందులో లేవు. జమాఖర్చుల్లో అదొక బాకీ.

ఆయన చేసిన మంచి పని ఏమిటంటే, మొక్క పేరు ఊరివాళ్ళని అడిగి రాసుకోవడం. తెలుగువాళ్ళు దీన్ని ఇలా పిలుస్తారని మొక్క మొక్కకీ నమోదు చేశాడు. మన సండ్ర ఆయన పెట్టిన లాటిన్ పేరులో "సుంద్ర" అయింది. మన సోమిద చెట్టు పేరు తర్వాతి కాలంలో "సోయ్‌మిడా" అని ఏకంగా ఒక ప్రజాతి పేరే అయిపోయింది.

అలాగని రాక్స్‌బర్గ్ మాట మనకి ఆప్తవాక్యం కాదు. ఆ సోమిద బెరడే సింకోనాకి బదులుగా జ్వరాలకి పనికొస్తుందని ఆయన ఆశపడ్డాడు. అది క్వినైన్‌కి సాటి రాలేదు. అందులో క్వినైన్ లేదు మరి. ఆయన కంపెనీ నౌకరు. కంపెనీకి కావలసింది మిరియాలు, నీలిమందు, చక్కెర. ఇవన్నీ గుర్తుంచుకునే ఆయన రికార్డు చదవాలి.

1793లో ఆయన కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్ళాడు. 1813లో అనారోగ్యంతో దేశం విడిచాడు. మరుసటి ఏడు, 1814లో, ఆ తోటలో ఉన్న మొక్కల జాబితాని విలియం కేరీ శ్రీరాంపూర్‌లో అచ్చు వేయించాడు. పేరు హోర్టస్ బెంగాలెన్సిస్. వర్ణనలు, కవిత్వం ఏమీ ఉండవు. మొక్క పేరు, దేశవాళీ పేరు, ఎక్కడిది, ఎవరు తెచ్చారు, ఎప్పుడు, ఎప్పుడు పూస్తుంది. అచ్చం మా స్టాకు రిజిస్టరు! మూడు వేలకు పైగా మొక్కలున్న ఆ రిజిస్టరులో పార్థీనియం హిస్టెరోఫోరస్ కూడా ఉంది.

1814! పి.ఎల్. 480 చట్టానికి నూట నలభై ఏళ్ళ ముందు. "అంతకు ముందు దీని పేరు కూడా ఎవరికీ తెలియదు" అని ఇరవై ఏళ్ళు నేను మైకులో చెప్పాను.

ఏది తేలింది, ఏది తేలలేదు

ఇప్పుడు తొందరపడి రెండో వైపు పడిపోకూడదు. కలకత్తా తోటలో ఉంది కాబట్టి అక్కణ్ణుంచే దేశమంతా పాకింది అనడానికి వీల్లేదు. తోటలో బతకడం వేరు, బయటపడి బీడుల్ని ఆక్రమించడం వేరు. లాంటానాని అలంకారం కోసం 19వ శతాబ్దపు తొలి ఏళ్ళలో ఆ తోటకే తెచ్చారు, అది ఇప్పుడు మన అడవుల్లో ఎంత ఉందో చూస్తున్నాం. కానీ లాంటానాకి జరిగింది కాబట్టి వయ్యారిభామకీ అదే జరిగి ఉండాలంటే అది మళ్ళీ ఊహే అవుతుంది.

తేలినవి ఇవీ: మొక్క అమెరికా ఖండాలది. 1814 నాటికి మన దేశంలో ఒక తోటలో పెరిగింది. 1955 నాటికి పుణెలో కలుపుగా కనిపించింది. తర్వాతి దశాబ్దాల్లో దేశమంతా వ్యాపించింది. తేలనిది: ఆ వ్యాప్తికి ధాన్యం ఓడల పాత్ర ఎంత అన్నది. విత్తనం సన్నటిది, ఒక్కో మొక్క వేలల్లో రాలుస్తుంది. ధాన్యం, రైళ్ళు, లారీ చక్రాలు, వరద నీరు, ఏదైనా మోసుకుపోగలదు. అమెరికా కావాలని పంపిందన్న మాటకైతే ఏ కాగితమూ లేదు. కాంగ్రెసు గడ్డి అనే పేరుకి కూడా తెల్ల టోపీల వల్ల వచ్చిందని కొందరు, అమెరికా కాంగ్రెస్ వల్ల వచ్చిందని కొందరు కథలు చెబుతారు. పేరు పక్కన కథ అల్లడం అంత సులువు.

పురాణాల వైపు నుంచి కూడా ఇలాంటి తప్పే జరుగుతుంది. మా నడకలకి వచ్చే ఒక పెద్దాయన పసుపు పూల ముళ్ళ మొక్క, అదే బ్రహ్మదండి కనిపిస్తే, "ఇది ప్రాచీన ఆయుర్వేదంలోని స్వర్ణక్షీరి" అంటారు. విరిస్తే పసుపు పాలు వస్తాయి కాబట్టి ఆ పేరు అతికింది. కానీ ఆ మొక్క శాస్త్రీయ నామం ఆర్జిమోన్ మెక్సికానా. కొలంబస్‌కి ముందు అది మన నేల మీద లేదు. చరకుడు దాన్ని ఎలా చూసి ఉంటాడు? దీన్ని గుర్తుపట్టడం ఊసుపోని పని కూడా కాదు. దీని గింజలు ఆవగింజల్లా ఉంటాయి. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో ఈ నూనె కలిసి అరవై మందికి పైగా చనిపోయారు. భిలాయిలో సగం ఇళ్ళలో ఆవనూనే వాడతారు.

పెద్దాయన మొక్కకి లేని ప్రాచీనత ఇచ్చారు, నేను మొక్కకి లేని కుట్ర ఇచ్చాను. ఇద్దరమూ తేదీ అడగలేదు. ఆయన్ని సరిదిద్దేటప్పుడు నాకు కలిగిన ఉత్సాహం, ఆ అమ్మాయి నన్ను అడిగినప్పుడు ఎక్కడికి పోయింది? ఇంటికొచ్చాక మొదట నాకొచ్చిన ఆలోచన, "ఈ అమ్మాయి అమెరికాని వెనకేసుకొస్తోందా?" అని. సిగ్గుపడి చెబుతున్నాను. ప్రశ్నని వదిలేసి అడిగినవాళ్ళ ఉద్దేశాన్ని వెతకడం మఠాల్లో చేసే పని.

విదేశీ మొక్క అయితే చెడ్డదన్న వాదనా నిలవదు. దసరాకి గుమ్మానికి కట్టే బంతిపూలు మెక్సికో నుంచి వచ్చినవే. మిరపకాయ సంగతి సరేసరి. పలక తుడిచిన గడ్డిచామంతి, ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తి కూడా ఆ ఖండాలవే. వయ్యారిభామతో తగువు అది పరాయిది అయినందుకు కాదు, చర్మానికీ, ఊపిరికీ, పంటకీ చేస్తున్న హాని వల్ల. ఆ హాని పుట్టిల్లు ఎక్కడైనా ఒకటే. దాన్ని తినే పురుగుని 1984లో బెంగళూరులో వదిలారు, అది కూడా మెక్సికో నుంచి తెచ్చిందే!

ఆ తర్వాతి నెలలో మా కరపత్రం కొత్త ముద్రణకి వెళ్ళింది. గోధుమల వాక్యం తీసేశాం. దాని బదులు పైన తేలినవని చెప్పిన నాలుగు ముక్కలు, మాచిపత్రికీ దీనికీ తేడా చెప్పే బొమ్మ వేశాం. ఒకరిద్దరు మిత్రులు నొచ్చుకున్నారు, "ఇన్నాళ్ళూ చెప్పి ఇప్పుడు మారిస్తే చులకనైపోమా?" అని. లెక్కల్లో తప్పు పడితే దిద్దుబాటు పద్దు రాస్తాం, పాత పద్దు చెరపం. రెండూ పుస్తకంలో కనిపించాలి. అందుకే పాత కరపత్రంలో తప్పుందని కొత్తదాని మీదే అచ్చు వేశాం.

ఒక్క పద్దు మాత్రం దిద్దడానికి వీల్లేకుండా మిగిలిపోయింది. "ఎక్కణ్ణుంచి వచ్చిందిరా" అని అమ్మ అడిగినప్పుడు, "తెలియదమ్మా, చూసి చెబుతాను" అని ఉండాల్సింది. చూడ్డానికి నాకు ఆ తర్వాత పదిహేనేళ్ళకి పైనే టైముంది.

వచ్చే చవితికి మీ ఇంట్లో పత్రి కోసేవాళ్ళుంటే, పూజ వద్దని వాదన పెట్టుకోకండి. వాళ్ళ వెంట వెళ్ళి ఆకు తిరగేసి చూపించండి. అడుగు తెల్లగా లేకపోతే కొయ్యొద్దని చెప్పండి.